ఫోల్డర్‌లో ఫొటోలన్నీ ఒకే దెబ్బకి చిన్నవి చేసేదెట్లా

(తిరుపతిలో ఒక ఆదివారం పొద్దున స్టూడియో వాళ్లు, నెట్ సెంటర్ వాళ్లు, చీరల వ్యాపారం చేసేవాళ్లు, కొందరు డిగ్రీ పిల్లలు కూర్చున్న చోట మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట తీరు మార్చలేదు.)

వెనకాల వినిపిస్తా ఉందా? ఆ ఫ్యాను రొంత తగ్గించన్నా, మైకులో గాలే వినపడతా ఉంది. ఆ, చాలు.

సరే. నేను చెప్పేది పెద్ద విద్యేం కాదు. ఫోల్డర్ నిండా ఫొటోలు ఉండాయి, అన్నీ చిన్నవి చెయ్యాల, ఒక్కొక్కటి తెరిచి రీసైజ్ కొట్టి మళ్లా సేవ్ కొట్టే ఓపిక ఎవరికీ లేదు, దానికి ఒక్క లైను కమాండ్ చాలు, ఇంకా కావాలంటే పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో ఇరవై పాతిక లైన్లు. లైను నేర్చుకునేదానికి అయిదు నిమిషాలు పట్టదు. కానీ అది ఏం చేస్తా ఉందో తెలియకుండా కొడితే ఏమైతాదంటే, చేత్తో చేసేటప్పుడు తప్పు జరిగితే ఒక ఫొటో పోతాది, స్క్రిప్ట్‌తో, అంటే ఇట్ల రాసిపెట్టిన కమాండ్లతో అయితే ఫోల్డర్ ఫోల్డరే పోతాది, అదీ మీరు టీ తాగి వచ్చేలోపల. అందుకని ఈ పూట ఆ ఒక్క లైనునే ముక్కలు ముక్కలుగా చూస్తాం.

ముందు లెక్క చూడండి. మామూలు ఫోన్ ఫొటో 4000 బై 3000. అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు. ఒక్కో పిక్సెల్‌కి ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు బైట్లు, అంటే తెరిచినప్పుడు మెమరీలో 36 ఎంబీ తింటాది, జేపెగ్‌గా డిస్క్ మీద మూడో నాలుగో ఎంబీ ఉన్నా సరే. అదే ఫొటోని 1600 బై 1200 చేస్తే పందొమ్మిది లక్షల చిల్లర పిక్సెళ్లు, ఆరో వంతు కూడా లేదు. చూసేవాడి స్క్రీనేమో చాలామందికి 1920 బై 1080, అంటే మొత్తం ఇరవై లక్షల పిక్సెళ్లే. మీరు కోటి పంపినా వాడికి కనపడేది ఇరవై లక్షలే, మిగతాదంతా వాడి డేటా, మీ టైము.

ఇక్కడ నెట్ సెంటర్ వాళ్లు ఎంతమంది ఉండారు? చేతులెత్తండి. సరే, మీకు ఒక మాట, ఇది కొంచెం గట్టిగానే చెప్తాను. ఫొటో కంప్రెస్ అని గూగుల్‌లో కొట్టి, మొదట వచ్చిన సైట్‌లో కస్టమర్ ఫొటో, సంతకం, ఆధార్, మార్కుల లిస్టు అన్నీ అప్‌లోడ్ చేసేస్తాం కదా, ఆ సైటు ఎవరిది, సర్వర్ యాడుంది, ఫైలు ఎప్పుడు తీసేస్తారు, ఎవరికైనా తెలుసా? ఆ పిల్లోడు నమ్మకంగా మీ చేతిలో ఆధార్ పెట్టినాడు, మీరు దాన్ని ఊరూ పేరూ లేనోడికి పంపించినారు. మన సిస్టంలోనే, నెట్ కేబుల్ పీకేసి కూడా చేసుకోగలిగిన పనికి ఇది అవసరమా అని. నన్నడిగితే స్క్రిప్ట్ నేర్చుకునేదానికి ఈ ఒక్క కారణం చాలు, స్పీడు, గీడు అన్నీ తర్వాత.

టూల్ పేరు ఇమేజ్‌మ్యాజిక్. ఫ్రీ. జాన్ క్రిస్టీ అనే ఆయన 1987లో డ్యూపాంట్ కంపెనీలో పని చేస్తా మొదలుపెట్టినాడు, 1990లో బయటి జనానికి ఇచ్చేసినాడు, అప్పటినుంచి నడస్తానే ఉంది. విండోస్, లినక్స్, మ్యాక్ అన్నిట్లో ఉంది. విండోస్ వాళ్లకి ఒక ముక్క, నెట్‌లో పాత పాఠాల్లో కమాండ్ పేరు కన్వర్ట్ అని ఉంటాది, విండోస్‌లో అదే పేరుతో వేరే సిస్టం కమాండ్ ఉంది, డిస్క్‌ని ఎన్‌టీఎఫ్ఎస్ అనే ఫార్మాట్‌కి మార్చేది, దానికీ ఫొటోలకీ ఏ సంబంధమూ లేదు. ఇప్పుడుండే ఏడో వెర్షన్‌లో మ్యాజిక్ అని మొదలుపెట్టాల. కన్వర్ట్ అని కొట్టి పని చెయ్యలేదని తిట్టుకోవద్దండి.

స్క్రీన్ మీద చూడండి, చదువుతాను. మ్యాజిక్, స్పేస్, మోగ్రిఫై, హైఫన్ పాత్ చిన్నవి, హైఫన్ ఆటో హైఫన్ ఓరియెంట్, హైఫన్ రీసైజ్, కోట్స్‌లో 1600 ఎక్స్ 1600 గ్రేటర్‌దెన్ గుర్తు, హైఫన్ క్వాలిటీ 82, చివర్న స్టార్ డాట్ జేపీజీ. అయిపాయ, ఇదే మొత్తం స్క్రిప్టు.

మోగ్రిఫై దగ్గర ఆగండి. దీని స్వభావం ఏందంటే, ఫైలు తీసుకుంటాది, మార్చేస్తాది, అదే పేరుతో అక్కడే రాసేస్తాది. అడగదు. కంట్రోల్ జెడ్ లేదు, రీసైకిల్ బిన్‌లోకి కూడా పోదు. పెళ్లి ఫొటోలు పెద్దవి ఉన్నచోటే ఇది కొడితే పెద్దవి ఇంక లేవు, అంతే. అందుకే హైఫన్ పాత్, దాని పక్కన వేరే ఫోల్డర్ పేరు, అప్పుడు చిన్నవి అక్కడ రాస్తాది, అసలువి కదిలించదు. ఆ ఫోల్డర్ మాత్రం ముందే చేసి పెట్టాల, అది చెయ్యదు. తోతాపురి కాయని గుజ్జు తీసినాక మళ్లా కాయ చెయ్యలేం, చిత్తూరు వాళ్లకి నేను చెప్పేదేముంది, పిక్సెల్ కూడా అంతే, 1600కి తెచ్చినాక మళ్లా 4000 చేస్తే పెద్దగా అయితాది గానీ పోయిన వివరం రాదు. మ్యాక్ వాళ్లకి సిప్స్ అని సిస్టంలోనే ఒకటి వస్తాది, ఇన్‌స్టాల్ అక్కర్లేదు, బాగుంటాది, కానీ అదీ వేరే చోటు చెప్పకపోతే ఉన్నదాని మీదే రాసేస్తాది.

ఇంక ఆ గ్రేటర్‌దెన్ గుర్తు. 1600 ఎక్స్ 1600 అంటే ఫొటోని చదరంగా సాగదీస్తాదని కాదు, ఆ డబ్బాలో పట్టేంత అని అర్థం, అడ్డం నిలువు నిష్పత్తి అట్లే ఉంటాది, అడ్డం ఫొటో 1600 బై 1200 అయితాది, నిలువుది 1200 బై 1600. గుర్తు పెడితే దీనికన్నా పెద్దవాటినే తగ్గించు, చిన్నవాటి జోలికి పోవద్దు అని. అది లేకపోతే ఫోల్డర్‌లో యాడో 600 బై 400 ఫొటో ఉంటే దాన్ని కూడా 1600కి లాగేస్తాది, మసకగా అయిపోతాది, సైజూ పెరుగుతాది.

మరి కోట్స్ ఎందుకంటే, కమాండ్ లైన్‌లో ఆ గుర్తుకి వేరే అర్థం ఉంది, వచ్చేదాన్ని ఫైల్‌లో పొయ్యి అని. కోట్స్ మర్చిపోతే ఇమేజ్‌మ్యాజిక్‌కి ఆ గుర్తు కనపడనే కనపడదు, మధ్యలోనే షెల్, అంటే మీ కమాండ్ చదివే ప్రోగ్రాం, ఎత్తుకుపోతాది, దాని పక్కన ఏ మాట ఉంటే ఆ పేరుతో ఫైలు పుట్టిస్తాది. లినక్స్‌లో ఇట్ల చేసి చూడండి, ఫోల్డర్‌లో హైఫన్ క్వాలిటీ అనే పేరుతో ఖాళీ ఫైలు కనపడతాది. తమాషా ఏందంటే దాన్ని డిలీట్ చెయ్యాలన్నా మామూలుగా పోదు, ఆర్ఎమ్ హైఫన్ క్వాలిటీ అంటే అది ఆప్షన్ అనుకుంటాది, ముందు డాట్ స్లాష్ పెట్టాల. విండోస్ వాళ్లు డబల్ కోట్సే వాడండి, అక్కడ కమాండ్ ప్రాంప్ట్ సింగిల్ కోట్స్‌ని కోట్స్‌గా లెక్కెయ్యదు.

ఆటో ఓరియెంట్. ఫోన్ నిలువుగా పట్టుకుని తీసినా చాలా ఫోన్లు పిక్సెళ్లని అడ్డంగానే రాస్తాయి, పక్కన ఎగ్జిఫ్ అనే సమాచారంలో ఒకటినుంచి ఎనిమిది లోపల ఒక నంబరు పెడతాయి, చూపించేటప్పుడు ఇట్ల తిప్పి చూపించు అని. గ్యాలరీ ఆ నంబరు చదివి తిప్పుతాది. మీ స్క్రిప్ట్ ఎగ్జిఫ్ తీసేస్తే ఆ నంబరూ పోతాది, పెళ్లికూతురు పడుకోనుంటాది. ఆటో ఓరియెంట్ పెడితే పిక్సెళ్లనే నిజంగా తిప్పేస్తాది, ఇంక నంబరు ఉన్నా పోయినా ఒకటే.

ఎగ్జిఫ్ ఎందుకు తీస్తారంటే ఫోన్‌లో లొకేషన్ ఆన్ ఉంటే ఫొటో తీసిన చోటు అక్షాంశం రేఖాంశంతో సహా దాంట్లో ఉంటాది. ఇంట్లో తీసిన చీర ఫొటో అమ్మకానికి పెడితే ఇల్లు యాడుందో కూడా పెట్టినట్టే. తీసేదానికి హైఫన్ స్ట్రిప్ అని ఉంది. కానీ అది ఎగ్జిఫ్‌తోపాటు కలర్ ప్రొఫైల్ కూడా ఊడ్చేస్తాది, ఇది చీరల వాళ్లు బాగా వినాల. ఐఫోన్ 7 కాలంనుంచి ఐఫోన్లు పీ3 అనే పెద్ద రంగుల పరిధిలో ఫొటో తీస్తాయి, ఆ విషయం ప్రొఫైల్‌లో రాసుంటాది. ప్రొఫైల్ పోతే చూసేవాడి సిస్టం దాన్ని మామూలు ఎస్ఆర్‌జీబీ అనుకుంటాది, కుంకుమ రంగు వెలిసిపోయినట్టు కనపడతాది, కస్టమర్‌కి చీర చేరినాక రంగు వేరే అని వాపసు పంపుతాది. మీ తప్పు కాదు, చీర తప్పూ కాదు. ప్లస్ ప్రొఫైల్ అని ఇంకో ఆప్షన్ ఉంది, దాంట్లో ఐసీసీ, అంటే ఆ కలర్ ప్రొఫైల్, ఒక్కటి వదిలి మిగతావి తీసెయ్ అని చెప్పొచ్చు, స్ట్రిప్ బదులు అది వాడండి.

క్వాలిటీ 82 అంటే నూటికి 82 శాతం అని కాదు, అదొక అంకె మాత్రమే, ఒక్కో సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో తీరు. జేపెగ్ 1992 నాటి స్టాండర్డ్, ఫొటోని 8 బై 8 గళ్లుగా కోసి, ఒక్కో గడిలో కంటికి పెద్దగా తెలియని సన్న మార్పుల్ని వదిలేస్తాది, అంకె తగ్గే కొద్దీ జాస్తి వదిలేస్తాది. ఆకాశం, గోడ లాంటి చోట 60 పెట్టినా తెలియదు, అక్షరాల అంచులు, గీతల అంచులు అయితే చుట్టూ దుమ్ము పట్టినట్టు అయితాది. అందుకే మార్కుల లిస్టు స్కాన్‌ని బాగా తక్కువ క్వాలిటీలో పెట్టొద్దు. సేవ్ చేసిన ప్రతిసారీ మళ్లా కొంచెం పోతాది కాబట్టి ఎప్పుడు కావాలన్నా అసలు ఫైల్‌నుంచే చెయ్యండి, చిన్నదాన్ని ఇంకా చిన్నది చెయ్యొద్దు.

ఇంతకీ తగ్గించడం అంటే లోపల ఏం జరుగుతా ఉంది? కలంకారీ వాళ్లు ఇక్కడ ఉండారు కదా, శ్రీకాళహస్తినుంచి వచ్చినామని చెప్పినారు. రండక్కా, ఆ గుడ్డ ఇట్ల పట్టుకోండి. చూడండి, కలంతో గీసిన నల్ల గీత, యాళి కంటి దగ్గర ఎంత సన్నంగా ఉంది. దీన్ని ఫుల్ గుడ్డ పట్టేట్టు ఫొటో తీస్తే ఆ గీత రెండు పిక్సెళ్లు ఉంటాదేమో. 4000నుంచి 1600కి అంటే రెండున్నర పిక్సెళ్లకి ఒకటి మిగలాల. సోమరి పద్ధతి ఏందంటే రెండున్నరకి ఒకదాన్ని ఏరుకుని మిగతావి పారేసేది, దాన్ని నియరెస్ట్ అంటారు. అప్పుడు గీత మీద పడిన చోట నల్లగా, పక్కన పడిన చోట తెల్లగా, గీత తెగిపోయి మెట్లు మెట్లుగా అయితాది. పట్టుచీర జరీ అంచుల్లో అయితే లేని అలలు కనపడతాయి, ఫోన్‌తో టీవీ స్క్రీన్ ఫొటో తీస్తే వచ్చేట్టు. మంచి పద్ధతి చుట్టుపక్కల పిక్సెళ్లన్నిటినీ తూకం వేసి కలిపి ఒకటి చేస్తాది. దాంట్లో ఒక తూకం పద్ధతి పేరు లాంజోస్, హంగరీ గణితజ్ఞుడు కొర్నేలియస్ లాంజోస్ పేరు మీద వచ్చింది. ఇమేజ్‌మ్యాజిక్ మామూలు ఫొటోని తగ్గించేటప్పుడు మీరు చెప్పకపోయినా అదే వాడతాది. పైథాన్‌లో మాత్రం చెప్పాల. థాంక్సక్కా, కూర్చోండి.

పైథాన్ కి వస్తాం. ఇమేజ్‌మ్యాజిక్ లైను చాలదా అంటే చాలామందికి చాలు, నిజంగా. పైథాన్ ఎప్పుడంటే ఫోల్డర్ లోపల ఫోల్డర్, దాని లోపల ఇంకో ఫోల్డర్, కొన్ని పీఎన్‌జీ, కొన్ని చెడిపోయినవి, ఇట్ల గందరగోళంగా ఉన్నప్పుడు. దీనికి ముందే రాసిపెట్టిన కోడ్ ఉంటాది, లైబ్రరీ అంటారు, దాని పేరు పిల్లో. పాతకాలంలో పీఐఎల్ అని ఫ్రెడ్రిక్ లుండ్ రాసింది ఉండేది, 2009 తర్వాత దాంట్లో కొత్త వెర్షన్ రాలేదు, దాన్నే వేరే వాళ్లు అందుకుని పిల్లో అని నడిపిస్తా ఉండారు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పిల్లో అనాల, కోడ్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు పీఐఎల్ అనే అనాల, దీనికే సగం మంది పిల్లకాయలు తల పట్టుకుంటారు. ఇంకోటి, పాత కోడ్ కాపీ చేస్తే యాంటీఎలియాస్ అనే పేరు ఉంటాది, 2023లో వచ్చిన పదో వెర్షన్‌లో అది తీసేసినారు, ఎర్రర్ వస్తాది, ఆ చోట లాంజోస్ అని పెట్టండి, పని అదే.

స్క్రిప్ట్ తెర మీద ఉంది, ఒక్కో లైనూ చదవను. పైథాన్‌లోనే ఉండే పాత్‌లిబ్‌తో ఫోల్డర్ అంతా తిరుగుతాది, ఆర్‌గ్లోబ్ అంటే లోపలి ఫోల్డర్లు కూడా. ఎక్స్‌టెన్షన్‌ని, అంటే ఫైలు పేరు చివర ఉండే జేపీజీ లాంటి ముక్కని, చిన్న అక్షరాల్లోకి మార్చి పోల్చుతా ఉండాను చూడండి, అది ఎందుకంటే చాలా కెమెరాలు జేపీజీని క్యాపిటల్స్‌లో రాస్తాయి, లినక్స్‌కి క్యాపిటల్ వేరే చిన్నది వేరే, ఇందాకటి స్టార్ డాట్ జేపీజీ వాటిని పట్టుకోదు, సగం ఫొటోలు రాలేదే అని వెతుక్కుంటా కూర్చుంటారు. తర్వాత ఎగ్జిఫ్ ట్రాన్స్‌పోజ్, అది ఆటో ఓరియెంట్ చేసే పనే. తర్వాత థంబ్‌నెయిల్, నిష్పత్తి చెడగొట్టదు, చిన్నదాన్ని పెద్దది చెయ్యదు. చివర్న సేవ్. సేవ్‌లో ఐసీసీ ప్రొఫైల్ మనమే ఇవ్వాల, ఇవ్వకపోతే పిల్లో జేపెగ్‌లో దాన్ని రాయదు, మళ్లా అదే కుంకుమ రంగు కథ.

పీఎన్‌జీలో వెనకాల ఖాళీగా, అంటే ట్రాన్స్‌పరెంట్‌గా ఉంటే జేపెగ్‌కి అది తెలియదు, ఆర్‌జీబీఏని, అంటే మూడు రంగులతోపాటు ఆ ఖాళీ కూడా ఉన్నదాన్ని, జేపెగ్‌గా రాయలేనని ఎర్రర్ కొడతాది. ఊరికే ఆర్‌జీబీకి మార్చేస్తే ఎర్రర్ పోతాది గానీ చాలాసార్లు లోగో వెనకాల నల్లగా వచ్చేస్తాది. తెల్ల కాయితం లాంటి కొత్త ఇమేజ్ చేసి దాని మీద అతికించాల, అది ఇంకో రెండు లైన్లు.

ప్రతి ఫొటోకీ ట్రై, ఎక్సెప్ట్. ఒక ఫొటో చెడిపోయి ఉంటే దాని పేరు ప్రింట్ చేసి ముందుకి పో అని. ఇది పెట్టకపోతే రాత్రి రన్ చేసి పడుకుంటారు, మొబ్బుతో లేచి చూస్తే మూడో ఫొటో దగ్గరే ఆగి ఉంటాది.

అవుట్‌పుట్ ఫోల్డర్‌ని ఇన్‌పుట్ ఫోల్డర్ లోపల పెట్టొద్దు. లోపల ఉంటే ఆర్‌గ్లోబ్ దాంట్లోకి కూడా దూరి, చేసినవే మళ్లా చేస్తాది. రెండు కెమెరాలతో తీసిన పెళ్లి అయితే రెండిట్లోనూ ఒకే పేరు, ఒకే నంబరు ఉన్న ఫైళ్లు ఉంటాయి, అన్నీ ఒకే ఫోల్డర్‌లో పోస్తే ఒకదాని మీద ఒకటి రాసేస్తాది, తాళి కట్టే ఫొటో మీద భోజనాల ఫొటో వచ్చి కూర్చుంటాది. లోపలి ఫోల్డర్లు ఎట్ల ఉండాయో అట్లే అవుట్‌పుట్‌లోనూ చెయ్యండి, రిలేటివ్ టూ అని ఉంది, ఒక్క లైను.

నెట్ సెంటర్ వాళ్ల పని ఒకటి చెప్పి ప్రశ్నలకి వస్తాను. ఐబీపీఎస్ లాంటి బ్యాంకు పరీక్షల అప్లికేషన్లలో ఫొటో 200 బై 230, 20నుంచి 50 కేబీ లోపల, సంతకం 140 బై 60, 10నుంచి 20 కేబీ అని అడగతా వచ్చినారు, ఏ నోటిఫికేషన్‌కి ఆ నోటిఫికేషన్ చూసుకోండి. ఇక్కడ రీసైజ్‌లో గ్రేటర్‌దెన్ బదులు టోపీ గుర్తు (^) పెట్టండి, అది డబ్బా నిండేట్టు తగ్గిస్తాది, మిగిలి బయటికి వచ్చింది గ్రావిటీ, ఎక్స్‌టెంట్‌తో కోసేస్తాది. గ్రావిటీ సెంటర్ పెడితే నిలువు ఫొటోల్లో నుదురు తెగొచ్చు, నార్త్ పెట్టి చూడండి. కేబీకి హైఫన్ డిఫైన్ జేపెగ్ కోలన్ ఎక్స్‌టెంట్ ఈక్వల్స్ 45 కేబీ అంటే అదే క్వాలిటీ తగ్గించుకుంటా ఆ సైజు లోపలికి తెస్తాది. 50 అడిగితే 45 ఎందుకంటే కేబీ అంటే ఒకరికి 1000, ఒకరికి 1024, ఆ గొడవ మనకెందుకు. ఇది పై హద్దు మాత్రమే. కింద 20 ఉంది కదా, మరీ చిన్నదైతే కూడా తిప్పి కొడతాది, అప్పుడు క్వాలిటీ పెంచి మళ్లా చెయ్యాల.

అడగండి.

వాట్సాప్‌లో పంపిస్తే అదే తగ్గిస్తాది కదా అని. తగ్గిస్తాదన్నా, కానీ ఎంత తగ్గించాల, ఏ క్వాలిటీ అనేది దాని ఇష్టం, మీది కాదు. ఆల్బం ఫొటోలు మాత్రం అట్ల పంపొద్దు. 12 బై 18 ఇంచుల పేజీకి ఇంచుకి 300 చుక్కలు అంటే 3600 బై 5400 పిక్సెళ్లు కావాల, 1600ది పంపితే ఇంచుకి తొంభై కూడా రావు. డీపీఐ, అంటే ఇంచుకి ఎన్ని చుక్కలు అనే అంకె, 300 అని మార్చినంత మాత్రాన పిక్సెళ్లు పుట్టవు, ల్యాబ్ వాళ్లకి అసలు ఫైలే ఇవ్వండి.

ఐఫోన్ ఫొటోలు తెరుచుకోవడం లేదన్నది ఎవరు? అది హెచ్ఈఐసీ అనే ఫొటో ఫార్మాట్, ఐఫోన్లలోకి 2017లో ఐఓఎస్ 11తో వచ్చింది. పిల్లోకి పిల్లో హైఫన్ హీఫ్ అని ఇంకోటి ఇన్‌స్టాల్ చెయ్యాల. లేదంటే ఫోన్ సెట్టింగ్స్‌లో కెమెరా, ఫార్మాట్స్, మోస్ట్ కంపాటిబుల్ పెట్టేస్తే ఇకమీద తీసేవి జేపెగ్‌లోనే వస్తాయి.

ఆ చిత్తూరు అన్న అడిగేది బాగుంది, మధ్యలో కరెంటు పోతే ఏం చెయ్యాల, మళ్లా మొదటినుంచేనా అని. అవుట్‌పుట్‌లో ఆ పేరు ఉంటే వదిలెయ్ అని ఒక ఇఫ్ పెడితే ఆగిన చోటినుంచి పోతాది. కానీ కరెంటు పోయినప్పుడు రాస్తా ఉన్న ఫైలు ఒకటి ఉంటాది చూడు, అది సగమే ఉంటాది, పేరు మాత్రం ఉంటాది, స్క్రిప్ట్ అయిపోయిందనుకుని దాన్ని దాటేస్తాది, సగం బూడిద రంగు ఫొటో కస్టమర్‌కి పోతాది. దానికి ఏం చేస్తామంటే ముందు డాట్ పార్ట్ అనే పేరుతో రాయాల, పూర్తిగా రాసినాక ఓఎస్ డాట్ రీప్లేస్‌తో అసలు పేరు పెట్టాల. డాట్ పార్ట్ అంటే పిల్లోకి ఏ ఫార్మాటో తెలియదు కాబట్టి సేవ్‌లో ఫార్మాట్ జేపెగ్ అని విడిగా చెప్పాల. ల్యాప్‌టాప్ ఉంటే ఇటు తీసుకురా అన్నా, ఇక్కడే ఆ రెండు లైన్లు కలిపేస్తాం.